కాంటా మీది పిట్ట

మేడారం జాతర ఇంకా వారం ఉంది.

తొర్రూరులో బెల్లం వ్యాపారి రామచంద్రం దుకాణం ముందు వేపకొమ్మకు పెద్ద కాంటా వేలాడుతోంది. మొక్కున్నవాళ్ళు ఒక పళ్ళెంలో కూర్చుంటారు. రెండో పళ్ళెంలో వాళ్ళ బరువంత బెల్లం పెట్టాలి. తల్లుల గద్దెకు చేరాక అది బెల్లం కాదు, బంగారం.

ఆ ఉదయం ఎదురు టీకొట్టు బల్ల మీద ఓ కొత్త మనిషి కూర్చున్నాడు. భుజాన సంచి, చేతిలో నోటుబుక్కు. కన్నార్పకుండా కాంటా వైపే చూస్తూ, ఉండుండి ఒక గీత గీస్తున్నాడు.

రామచంద్రం గబుక్కున దుకాణంలోకి దూరాడు. కాంటాకు ఈ ఏడు సర్కారు ముద్ర వేయించలేదు!

"రుక్మిణీ, తూనికలాఫీసరొచ్చిండే! కాంటా గుంజుకపోతే జాతర బేరం ఖతమే!"

"పరేషాన్ గాకుండ్రి. జర మొగ్గుగ జోకుండ్రి," అంది భార్య.

ఆనాటి నుంచి అందరికీ ఓ గడ్డ ఎక్కువే పడింది. టీకొట్టుకు వేడివేడి గారెలు వెళ్ళాయి. ఆయన గారెలూ తిన్నాడు, గీతలూ గీశాడు.

మూడోనాడు రామచంద్రం కాంటాను ఆటోలో వేసుకుని మహబూబాబాద్ పోయి ముద్ర వేయించుకొచ్చాడు.

ఇక ఒక్కటే లోపం. కాంటా కడ్డీ మీద రోజూ వాలే బూడిదరంగు చిన్న పిట్ట. తుర్రున ఎగరడం, మళ్ళీ అక్కడే వాలడం. అప్పుడప్పుడూ ఓ రెట్ట.

"బంగారం మీద రెట్టేంది? ఆఫీసరు సూస్తలేడా?"

ఆ సాయంత్రం ఆయన వెళ్ళగానే రామచంద్రం డబ్బా కొట్టి పిట్టను తరిమేశాడు. మళ్ళీ రాకుండా మెరుపు కాగితాలు కట్టాడు.

తెల్లారేసరికి బెల్లం మీద ఈగలు జుమ్మన్నాయి. విసిరి విసిరి చెయ్యి పడిపోయింది.

నెల్లికుదురు తండా నుంచి మనవణ్ణి జోకించడానికి వచ్చిన సక్రి మూతి విరిచింది.

"గీ ఈగల బంగారమా సేటూ, తల్లికిచ్చేది?" అని పక్క దుకాణానికి నడిచింది.

అప్పుడే కొత్త మనిషి గబగబా వచ్చాడు.

"సార్, ముద్ర జూడుండ్రి! కొత్తది!" రామచంద్రం చేతులు జోడించాడు.

ఆయన ముద్ర వైపు చూడనే లేదు. వేపకొమ్మలన్నీ వెతికాడు.

"పిట్టేది సేటూ?"

"తోలేసిన సార్... మీ కోసమే!"

ఆయన ఉసూరుమంటూ నోటుబుక్కు తెరిచాడు. పేజీల నిండా గీతలే.

"నేను భూపాలపల్లి కాలేజీల పిట్టల పాఠం చెప్పేటోన్ని సేటూ... గీ ఎనిమిది వందల అరవై గీతలు, మూడు దినాలల్ల ఆ పిట్ట నీ బెల్లం మీద పట్టిన ఈగలు."