మద్రాసా, మారేడుపల్లా?

ఉత్తరాలు రెండూ ఒకే వారంలో వచ్చాయి. ఒకటి మద్రాసు క్యాటరింగ్ కాలేజీ నుంచి, ఒకటి మారేడుపల్లి షార్ట్‌హ్యాండ్ కాలేజీ నుంచి. రెండింట్లోనూ సీటొచ్చింది. రెండింట్లోనూ చేరాల్సింది ఈ శుక్రవారంలోపే. కష్టాలే అనుకున్నాం, సీట్లు కూడా కలిసే వస్తాయి కాబోలు.

ప్రేమమణికి ఏం కావాలో రెజిమెంటల్ బజార్‌లో ఆ గల్లీ మొత్తానికీ తెలుసు. ఎనిమిదో క్లాసు నుంచీ గల్లీ అంతటికీ క్రిస్మస్ కేకులు చేసేది ఆ పిల్లే. ఎప్పటికైనా పెద్ద హోటల్లో హెడ్ కుక్ కావాలని పంతం. మద్రాసు వాళ్ళు పంపిన సామాన్ల లిస్టు చూసి వంటవాళ్ళ తెల్ల టోపీ కూడా తనే కుట్టుకుంది.

మరి అడ్డేమిటంటే, మంచం. మంచం మీద తల్లి కాంతమణి. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. తండ్రి యెషయా పొద్దున ఏడింటికి స్టేషన్ పార్సెల్ ఆఫీసుకు పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. పిల్ల మద్రాసు పోతే పగలంతా ఆమెకు గుక్కెడు నీళ్ళెవరు తాగిస్తారు?

ఆదివారం ఆరాధన అయ్యాక యెషయా అక్క రోసమ్మ పద్మారావు నగర్ నుంచి దిగబడింది.

"ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ? షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే ఇక్కడే ఏదో ఆఫీసులో ఉద్యోగం. వంట నేర్చుకోడానికి మద్రాసు దాకా పోవాలా? విన్నవాళ్ళు నవ్విపోతారు!"

యెషయా మంచం పక్కకెళ్ళి భార్యకు నీళ్ళు తాగించాడు.

"నువ్వేమో పగలు ఇంట్లో ఉండొచ్చని నైట్ డ్యూటీ వేయమని ఆఫీసులో అందర్నీ బతిమాలుతున్నావట. ఉన్న పరేషాన్ చాల్లేదా నీకు?"

"చీటీలు వేద్దాం అక్కా," అన్నాడు యెషయా.

రోసమ్మ వెంటనే ప్రార్థనకని కొంగు నెత్తిన వేసుకుంది. ఆ ఇంట్లో పెద్ద విషయం ఏదొచ్చినా చీటీలే. యెషయా పెళ్ళి కూడా చీటీతోనే తేలింది. పద్ధతి తాతల నాటిది. ప్రార్థన చేసి చీటీలు ఒకరి ఒళ్ళో వేయాలి. తీసినవాళ్ళే చదవాలి, చదివి చించెయ్యాలి. మిగిలిన చీటీ ఎవరూ విప్పకూడదు. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టే. చీటీల దగ్గర మోసం చేసిన మనిషి ఆ వంశంలో ఇంతవరకూ పుట్టలేదు.

యెషయా గోడవైపు తిరిగి కూర్చుని రాశాడు. ఆ కాస్త రాయడానికి అంతసేపా? చొక్కా చెమటతో తడిసిపోయింది. "ప్రభువా, క్షమించు" అని గొణుక్కున్నాడు. ఒకసారి భార్యకేసి, ఒకసారి కూతురికేసి చూశాడు. చీటీలు మడిచి, దిండ్లకు ఆనుకుని కూర్చున్న కాంతమణి ఒళ్ళో వేశాడు.

రోసమ్మ ప్రార్థన పావుగంట సాగింది. ఆమెన్ అనగానే ప్రేమమణి చెయ్యి చాచింది. తల్లి ఎడమచేత్తో దుప్పటి గట్టిగా పట్టుకుని కూతురి మొహమే చూస్తోంది. ఆ కళ్ళలో భయం చూస్తే రాయి కూడా కరుగుతుంది.

ప్రేమమణి చీటీ విప్పింది. చదవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"మారేడుపల్లి," అంది.

"దేవునికి స్తోత్రం!" రోసమ్మ చప్పట్లు కొట్టేసింది.

కాంతమణి సగం మూతితోనే నవ్వింది. "నా... తల్లే..." అంది. జబ్బు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు.

యెషయా మొహంలో నెత్తురుచుక్క లేదు. "సరిగ్గా చూశావా అమ్మా?"

"చూశాను నాన్నా. మీ రాత నాకు తెలీదా?" అంటూనే చీటీని ముక్కలు ముక్కలుగా చించేసింది ప్రేమమణి.

ఆయన ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. భార్య నవ్వుమొహం చూసి మూసుకున్నాడు.

ప్రేమమణి టీ పెడతానని వంటింట్లోకి పోయింది. పంపు స్టవ్ మోతలో ఏడుపు వినబడదనుకుంది, పిచ్చిపిల్ల. కాసేపటికి కళ్ళు తుడుచుకుని టీ గిన్నె పట్టుకొచ్చింది. చేతులు కాలకుండా మసిగుడ్డలా పట్టుకున్నది ఆ తెల్ల టోపీనే.

అది చూసి యెషయా గుండె చెరువైంది. టీ ముట్టలేదు. కాంతమణి ఒళ్ళో మిగిలిన చీటీని పిడికిట్లో పెట్టుకుని వాకిలి మెట్ల మీదికొచ్చి కూర్చున్నాడు. తాతల నాటి కట్టు తప్పి దాన్ని విప్పాడు.

ప్రేమమణి చించేసిన చీటీ మీద ఉన్న మాటే దీని మీదా ఉంది, తన చేత్తో తనే రాసింది: మద్రాసు.