తోక లేపే పురుగు

అప్పటికి అడవిలో చెట్టుకో మాట్లాడే మర వచ్చేసింది. అరుదైన జీవి ఉందని ఆ మర ఒప్పుకుంటేనే అడవి మిగిలేది. మారేడుమిల్లి వాగు పక్క అడవిని రేపు నరుకుతారనగా, కాపలా మనిషి సోమాలమ్మ కుళ్లిన వెదురాకుల కింద నుంచి ఒక పురుగును అరచేతిలోకి ఎక్కించుకుని మర ముందు నిలబడింది.

"జాబితాలో లేదు. చంపి పెట్టెలో వేయండి, పరీక్షిస్తాను," అంది మర.

"సంపను. ఉన్నయ్యే నాలుగో అయిదో. నే సెప్తాను, రాసుకో. రెక్కల డిప్ప పొట్టి రవికలాగ నడుందాకా కూడా రాదు. అలికిడైతే తేలులాగ తోక లేపుద్ది, కుట్టదు. పుట్టగొడుగుల మీద ఈగగుడ్లు తింటది. పదేళ్లుగా సూస్తన్నా, ఈ వాగుగట్టు దాటి ఎక్కడా అగపళ్లేదు."

ఆమె చెప్పిన గుర్తులను మర జాబితా మొత్తంతో పోల్చి చూసింది. "కొత్త జీవి. నరకడం ఆపించాను. దీని పేరు?"

సోమాలమ్మ అరచేతిలోని పురుగు వైపు చూసింది. పేరు పెట్టాలని ఆమెకెన్నడూ తోచలేదు.

"ఏమే పిల్లా అని పిలుస్తానయ్యా," అంది.