తప్పనిసరి గడి

సబ్మిట్ నొక్కాడు. గోడ మీది తెర తెల్లగానే ఉండిపోయింది.

"ఏం బాబాయ్, మీ ఫారం మౌనవ్రతమా?" అన్నాడు మాస్టారు. కంప్యూటర్ క్లాసంతా గొల్లుమంది. నవ్వడానికి ఫీజు లేదు కదా.

ప్రెస్ బాబాయ్ చెవులు వేడెక్కాయి. ఏళ్ళ తరబడి ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తున్నాడని పిల్లలు పెట్టిన పేరది. ఈ క్లాసులో మిగతా అందరూ కాలేజీ వాళ్ళే. ఎనిమిదో తరగతితో పుస్తకం మూసేసిన మనిషి ఆయనొక్కడే. ప్రెస్ ఓనరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఫారాలు ఇప్పుడెవడు అచ్చేయిస్తున్నాడయ్యా? వెబ్‌సైట్లో పెట్టడం నేర్చుకుని సర్టిఫికెట్ పట్టుకురా. లేకపోతే వేరే చోటు చూసుకో."

ఆ సర్టిఫికెట్‌కి పరీక్ష ఈ రోజే.

మాస్టారు వచ్చి ఆయన భుజం మీదుగా వంగి చూశాడు. "గడులన్నీ బాగానే పెట్టారు. ఒక్కదానికీ నేమ్ ఇవ్వలేదు. నేమ్ లేని గడిలో ఏం రాసినా అది మాకు చేరదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మర్చిపోయాను సార్."

"వయసు అలాంటిది లెండి సార్," ముందు వరసలోంచి ఎవడో అందుకున్నాడు. మళ్ళీ నవ్వులు.

టాపర్ మాత్రం నవ్వలేదు. అలాగని తలా తిప్పలేదు. వెబ్ పేజీలు రాసే ఈ హెచ్‌టీఎమ్‌ఎల్ నేర్చుకునే వాళ్ళందరిలోకీ చురుకైన పిల్ల. మాస్టారితో సహా అందరూ టాపర్ అనే పిలుస్తారు. తన కీబోర్డు మీద టకటకా కొట్టుకుపోతోంది. ఎవరి ముందు నవ్వులపాలైనా పడతాడు గానీ, ఆ పిల్ల ముందు మాటపడితే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. అందుకే చివరి మూల కుర్చీ ఏరుకున్నాడు. టాపర్ స్నేహితురాళ్ళతో మెట్లెక్కి వెళ్ళేదాకా కింద మందుల షాపు దగ్గరే నిలబడి, ఆ తర్వాత పైకొస్తాడు. గోళ్ళ సందుల్లో ఇంకిన సిరాని రుద్ది రుద్ది కడుక్కుంటాడు. అది పోదు.

ఒకసారి ఏసీ గాలి నేరుగా ఆ పిల్ల తల మీద పడుతుంటే, లేచి రెక్కలు పక్కకి తిప్పాడు. "థాంక్స్ అంకుల్," అంది తలెత్తకుండా. అంతకుమించి వాళ్ళిద్దరికీ ఆ గదిలో మాటల్లేవు.

చెమట తుడుచుకుని ఒక్కో గడికీ నేమ్ ఇచ్చుకుంటూ పోయాడు. పరీక్షకి ఇచ్చింది కాలేజీ అడ్మిషన్ ఫారం. ఏ గడులు పెట్టాలో మాస్టారు చెప్పలేదు. ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు, అలాంటివి లెక్కలేనన్ని అచ్చేసిన చెయ్యి. విద్యార్థి పేరు. తండ్రి పేరు. తండ్రి వృత్తి. అలవాటు కొద్దీ అదే వరస పెట్టేశాడు. ఖాళీగా పంపితే ఫారం ఆగిపోవాలన్నారు కాబట్టి అన్నిటికీ రిక్వైర్డ్ తగిలించాడు.

"ఇప్పుడు ఒకళ్ళ ఫారం ఒకళ్ళు నింపండి," అన్నాడు మాస్టారు. "నింపింది గోడ మీద కనిపిస్తే పాస్. టాపర్, నువ్వు బాబాయ్‌ది చూడమ్మా."

"వేరే ఎవరినైనా పంపండి సార్," అంది ఆ పిల్ల.

"ఏం, కరుస్తాడా?"

టాపర్ లేచి వచ్చింది. ఆయన కుర్చీ ఖాళీ చేసి గోడకి ఒదిగి నిలబడ్డాడు. ఆ పిల్ల తన పేరు కొట్టింది. తండ్రి పేరు దగ్గర చెయ్యి ఆగింది. తండ్రి గడులు రెండూ వదిలేసి సబ్మిట్ నొక్కింది.

ఫారం కదల్లేదు. 'ఈ గడి నింపండి' అని చిన్న మాట లేచింది.

"అబ్బో, బాబాయ్ ఫారం గట్టిదే. వదలట్లేదు చూడండి," అన్నాడు మాస్టారు. ఆ పిల్ల మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. గదిలో అందరూ అటే చూస్తున్నారు.

"ఏదో ఒకటి రాసెయ్యమ్మా," అన్నాడు ప్రెస్ బాబాయ్ గొంతు తగ్గించి. "పరీక్షే కదా."

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. గబగబా ఏదో కొట్టింది. గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు వెలిగాయి.

తండ్రి పేరు: లేరు.

తండ్రి వృత్తి దగ్గర ఒక గీత.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. స్నేహితురాలు లేచొచ్చి టాపర్ భుజం మీద చెయ్యి వేసింది. "ఎప్పుడూ చెప్పలేదేంటే?" అంది. మాస్టారు మొహం చిన్నబోయింది. "సారీ తల్లీ. నాకు తెలీదు."

"అయినా అవన్నీ ఎవరు పెట్టమన్నారు అంకుల్?" ముందు వరస కుర్రాడు ఈసారి నవ్వకుండానే అన్నాడు. "నాన్న లేనివాళ్ళు కూడా ఉంటారని తెలీదా?"

ఆయనకు కాళ్ళ కింది గచ్చు పగిలి తనని మింగేసినా బాగుండుననిపించింది. అందరూ ఏదో ఒకటి అంటాడని చూస్తున్నారు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "నేను ఆలోచించలేదు."

ఆ పిల్ల తలూపింది. ఆయన మొహంలోకి చూడకుండానే వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

"సరే బాబాయ్, పని చేసింది కాబట్టి పాస్ చేస్తున్నాను," అన్నాడు మాస్టారు. "ఆ రెంటికీ మాత్రం రిక్వైర్డ్ తీసెయ్యండి."

ఆయన కూర్చున్నాడు. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. రిక్వైర్డ్ అన్న మాటని ఒక్కో అక్షరమే చెరిపాడు. ఒకసారి తండ్రి పేరు దగ్గర, ఒకసారి వృత్తి దగ్గర.

సర్టిఫికెట్ మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగాడు. ఓనరుకి చూపించొచ్చు. పని నిలబడింది. సంతోషించాల్సిన మనిషి తలొంచుకుని నడుస్తున్నాడు.

వీధి మలుపు తిరిగాక వెనకనుంచి గబగబా అడుగులు వినిపించాయి, టాపర్ ఆయన పక్కకొచ్చి, నేలకేసి చూస్తూ కాస్త దూరం నడిచి, "ఇంట్లో అమ్మకి చెప్పకు నాన్నా," అంది.