నల్లరంగు ఆరేదాకా

జులై పద్దెనిమిది, సోమవారం. ఆ తారీఖు డ్రాయింగు మాస్టారికి బాగా గుర్తు. పొద్దున ఒక ఉడికించిన గుడ్డు, మాడిన బ్రెడ్డు ముక్క తిని బడికొచ్చారు. భార్య పోయాక బ్రెడ్డు మాడని రోజు ఆయనకింకా రాలేదు.

తొమ్మిదిన్నరకి డ్రాయింగు గది గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తూ బ్రష్షులు.

"నన్ను రమ్మన్నారట సార్."

"రండి రండి! మీ కోసమే చూస్తున్నాం."

పేరున్న చిత్రకారుడొకరు ఈ వారమంతా పిల్లలతో పనిచేస్తారని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు.

"శనివారం తల్లిదండ్రులొస్తారు మాస్టారూ. చూడదగ్గది ఏదైనా ఉందా, సరే. లేదంటే వచ్చే నెల నుంచి మీ పీరియడు లెక్కలకిచ్చేస్తా."

"ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?" అని అడిగాడు వచ్చినాయన.

"పిల్లలతోనే. ఏడో తరగతి, ఇరవై ఆరు మంది."

"పిల్లలతోనా?" తల గోక్కున్నాడు. "సరే సార్. మీరెలా అంటే అలా."

గది మూలన ఆరు పాత బోర్డులు గోడకి ఆనించి ఉన్నాయి. బీటలు, మరకలు, సుద్దముక్క పెడితే జారిపోయే నునుపు. ఆయన నేరుగా వాటి దగ్గరికే వెళ్ళాడు. సంచిలోంచి ఉప్పు కాగితం తీసి, ముక్కలు చింపి పంచాడు.

"రుద్దండి."

మంగళవారం కూడా రుద్దించాడు. బీటల్లో లప్పం కూరించాడు.

"ఒరేయ్, మనం బొమ్మలేస్తున్నామా, అంట్లు తోముతున్నామా?" అన్నాడొకడు.

"ఎప్పుడైనా తోమిన మొహమేనా అది?" అంది పక్కనున్న పిల్ల.

"సార్, తర్వాతేంటి సార్?"

"సార్ అనకండమ్మా. మామయ్యా అనండి."

బుధవారం నల్లరంగు.

"ఒకే వైపు లాగాలి. వెనక్కి రాకూడదు. ఆరేదాకా వేలు పెట్టకూడదు."

వేలు పెట్టనివాడు లేడు. ఆయన కసరలేదు.

"పెట్టావా? మంచిది. ఇక చెప్పక్కర్లేదు. మళ్ళీ రుద్దు."

గురువారం రెండో పూత. మాస్టారికి ఓపిక అడుగంటింది.

"ఇంతకీ బొమ్మలెప్పుడండీ?"

"అడుగు సరిగ్గా లేకపోతే పైన ఏం నిలుస్తుంది సార్?"

స్టాఫ్ రూములో లెక్కల టీచరు ఊరుకోలేదు. "మీ కళాకారుడు భలేవాడండీ! పిల్లల మొహాలకి మసి పూసి ఇళ్ళకి పంపుతున్నాడు. పీరియడు ఇవాళే ఇచ్చేస్తారా, రేపు తీసుకోనా?"

మాస్టారు నవ్వలేదు. కిటికీలోంచి చూస్తే వచ్చినాయన మెట్ల మీద ఒంటరిగా డబ్బా విప్పుకుని తింటున్నాడు. లోపలికి పిలుద్దామని మాస్టారికి తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి బోర్డులు ఆరాయి. ఆయన సుద్దముక్కల పెట్టె మధ్యలో పెట్టాడు.

"ఇక మీ ఇష్టం."

ఎవరూ కదల్లేదు. తన చెయ్యి వంకరని ఏనాడూ తెల్లకాగితం మీద గీత పెట్టని పిల్ల ఒకతి వెనక నిలబడి ఉంది. సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాడు.

"పాడైపోతే మామయ్యా?"

"తుడిచెయ్. బోర్డు ఏమీ అనుకోదు. నాకు బాగా తెలుసు."

ఆ పిల్ల ఒక గీత గీసింది. తుడిచింది. మళ్ళీ గీసింది. ఆమెను చూసి మిగతావాళ్ళు ఎగబడ్డారు.

సాయంత్రం మాస్టారు వచ్చి ఆరు బోర్డులూ కలయజూశారు. ఆయన వెతికింది చిత్రకారుడి గీత కోసం. అది ఎక్కడా లేదు.

"మీరు ఒక్క గీతైనా వెయ్యలేదేం?"

"నాకు బొమ్మలు రావు సార్."

"వెటకారమా? ఈ సుద్దగీతలతో రేపు నా పీరియడు నిలబడుతుందా? మీరింక ఈ గదివైపు రానక్కర్లేదు!"

ఆయన బ్రష్షులు కడిగి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శనివారం ఒక తల్లి చివరి బోర్డు ముందు ఆగిపోయింది. బస్సులో ఒళ్ళో సంచి పెట్టుకుని, కిటికీకి తలవాల్చి నిద్రపోతున్న మనిషి బొమ్మ అది.

"నేనిలా పడుకుంటానా?"

"రోజూ," అంది వంకరచెయ్యి పిల్ల.

తల్లి కూతురి జడ సవరిస్తూ అక్కడే నిలబడింది. ఆవిడ వెనకాల హెడ్మిస్ట్రెస్ కూడా చాలాసేపు నిలబడ్డారు.

"మీ పీరియడు ఎక్కడికీ పోదు మాస్టారూ," అన్నారు చివరికి.

అందరూ వెళ్ళాక ఆవిడే ఒక ఉత్తరం పట్టుకొచ్చారు. మొహం అదోలా ఉంది.

"పొద్దున వచ్చింది, ఇప్పుడే విప్పా. చిత్రకారుడు రాశాడు. జ్వరమట, రాలేకపోయినందుకు క్షమించమన్నాడు. మరి ఈ వారమంతా వచ్చినాయనెవరు?"

మాస్టారు వరండాలోకి నడిచారు.

వరండా చివర ప్యూను గదులకు తాళాలు వేస్తున్నాడు.

"ఆ గదిలో జాగ్రత్త సార్, బోర్డు ఇంకా తడి. బోర్డులకి రంగేసే ఆయన పది గదులూ రోజూ మీరెళ్ళాక సాయంత్రాలు చేసుకున్నాడు. పగలంతా పిల్లలతో చేయించమన్నారటగా మీరు? ఈ ఒక్కటీ ఉండిపోతే ఇవాళ వెనక గుమ్మంలోంచి వచ్చి వేసిపోయాడు. మీ గదివైపు రావద్దన్నారని చెప్పాడు."

మాస్టారు లోపలికి వెళ్ళారు. కొత్తగా రంగేసిన బోర్డు నల్లగా, నిండుగా, ఒక్క వేలి మరకైనా లేకుండా ఉంది.

తనకు తెలియకుండానే చాచిన వేలిని వెనక్కి తీసుకున్నారు.

"ఆయన పేరేంటి?"

"నేనడగలేదు సార్. మీకు తెలుసనుకున్నా."

మాస్టారు తాళం తానే తీసుకున్నారు. బడి బోర్డులకు నల్లరంగు పూయడానికి మాత్రమే వచ్చిన ఆ మనిషి చివరి పూత ఆరేదాకా చెదరకూడదని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.