లోపలి నుంచి మూసిన కంత

ఆసుపత్రి వెబ్‌సైట్ చూసుకునే ఇంజనీరు ఆ రాత్రి ఆఫీసులో ఒక్కతే ఉంది. ఆ సైటు నడిచే పాత సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్‌ను తయారుచేసినవాళ్లే ఏనాడో గాలికొదిలేశారు. అందులో బయటపడ్డ, హ్యాకర్లు దూరగల కంతను తనే పూడ్చాలని కూర్చుంది. తీరా చూస్తే ఎవరో అప్పటికే శుభ్రంగా పూడ్చేశారు.

ఆమెకు తలాతోకా అర్థం కాలేదు. సీనియర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు గానీ సరిచేశావా?"

"నేను దాని జోలికే పోలేదమ్మా. దూరినవాడే మూసుంటాడు, ఇంకొకడు రాకుండా."

"అంటే ఇంకా లోపలే ఉన్నాడా?"

జవాబు వచ్చేలోపే తెరమీద ఆ సైటులోని రోగుల మందుల పట్టిక తెరుచుకుంది. ఆమె మౌస్ ముట్టుకోనేలేదు. ఒక పేరు ఎదుట ఉన్న మోతాదు చెరిగిపోయింది. ఆమె గబుక్కున బయటి నుంచి వచ్చే నెట్‌వర్క్ వైరు పీకేసింది.

వైరు చేతిలో ఉండగానే, ఆ ఖాళీలో కొత్త అంకె పడింది.