గట్టు కింద

“బకెట్ దించినవంటే నా మీదనే దించాలె!” అంటూ హాతీరాం జేసీబీ ముందు గట్టు మీద చతికిలబడ్డాడు.

డ్రైవర్ ఇంజన్ ఆపాడు. ఇంటర్నెట్ కేబుల్ పని చూసే సూపర్‌వైజర్ శ్రీధర్ తల పట్టుకున్నాడు. జూలూరుపాడు దాటి అడవి అంచు తండాల దాకా కేబుల్ వేయించుకుంటూ వస్తున్నాడు. ఎక్కడా ఇంత గొడవ లేదు.

“ఏందన్నా గిది? నీ చేనుకూ నీ తమ్ముని చేనుకూ నడిమి గట్టు ఇది. మిరపచెట్టు ఒక్కటి గూడ తొక్కం. కింద ఏమన్న ఉంటే చెప్పు, ఆడ చేత్తోని తవ్విపిస్త. మిషన్ పెట్టి చూసిన, కూత పెట్టలే.”

హాతీరాం ఆ మిషన్ వైపు మంటగా చూశాడు. ఇనుమో కరెంటు తీగో అయితే కూస్తుంది గానీ, ప్లాస్టిక్ పైపు సంగతి దానికేం తెలుసు? తన బోరు నుంచి గట్టు కిందుగా తమ్ముడి ఎండిన బావిలోకి వేసిన పైపు అది. తమ్ముడు పెళ్లాం కాన్పుకని భద్రాచలం దవాఖానాలో ఉన్నప్పుడు దొంగచాటుగా వేశాడు. వాడు అన్నానికి తండాకు పోయిన వేళ చూసి నీళ్ల వాల్వు తిప్పుతాడు. భూమి పంపకాల నాడు మాటా మాటా పెరిగి, “నీ నీళ్లతోని కాళ్లు గూడ కడుక్కోను” అని ఒట్టేసి పోయినవాడు బాబూరావు. ఇప్పుడు పైపు పగిలినా, సంగతి బయటపడినా ఒకటే. తెలిసిన క్షణాన పీకి పారేస్తాడు. కాపు మీదున్న వాడి మిరప నిలువునా ఎండిపోతుంది.

గట్టు అవతల బాబూరావు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఉన్నాడు. పొద్దున్నుంచి అక్కడి నుంచి కదలడం లేదు. తమాషా చూస్తున్నాడని హాతీరాంకు ఒళ్లు మండింది.

“ఈడ మా ఎద్దును పాతిన సారూ,” అన్నాడు చివరికి.

“ఏ ఎద్దో అడుగు సారూ!” అన్నాడు బాబూరావు అటునుంచి. అన్నదమ్ములు ఎదురెదురుగానే ఉన్నా మాటలు మాత్రం శ్రీధర్ మీదుగా నడుస్తున్నాయి. “మా నాయిన ఎడ్లు రెంటినీ వైరా సంతలనే అమ్మిండు. మూడోది ఎప్పుడు పుట్టిందట?”

“బావిల ఊట ఉన్నదని బలిసి మాట్లాడుతుండని చెప్పు సారూ!”

“అవ్, నా బావి, నా ఊట! ఒకరి పున్నెమా?”

డ్రైవర్ నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. శ్రీధర్‌కు ఓపిక పోయింది.

“జల్దీ లే అన్నా. లేకుంటే పోలీసోళ్లకు ఫోన్ చేస్త.”

హాతీరాం లేచాడు. శ్రీధర్ రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయి, చెవిలో ఉన్నదంతా చెప్పేశాడు. “వానికి తెల్వొద్దు సారూ. వాని రోషం నీకు తెల్వది. పంట పోయినా సరే అంటడు. చంటిపిల్ల గలోడు.”

శ్రీధర్ ముగ్గు సంచి అందుకున్నాడు.

“ఏడుందో చూపియ్యి,” అన్నాడు మెల్లగా.

హాతీరాం ఎటో చూస్తున్నట్టు నిలబడి, కాలి బొటనవేలితో చోటు చూపించాడు. తన చేత్తో తవ్వి పూడ్చిన చోటు, కళ్లు మూసుకున్నా తప్పడు. శ్రీధర్ అక్కడ గట్టుకు అడ్డంగా ముగ్గుతో గీత గీశాడు.

“ఈడ కింద బండ ఉన్నట్టుంది!” అని బాబూరావుకు వినబడేలా డ్రైవర్‌కు కేకేశాడు. “గీత కాడ మనుషులు తవ్వుతరు. నువ్వు గట్టు కొసన ఆ తాటిమొద్దు కాడికెళ్లి షురూ చెయ్యి.”

హాతీరాం గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. జేసీబీ కదిలింది. తాటిమొద్దు పక్కన బకెట్ పైకి లేచి, దాని పళ్లు కిందికి తిరిగాయి.

“ఆపు! ఏయ్, ఆపు!”

బాబూరావు తన మిరపచెట్లే తొక్కుకుంటూ ఉరికొచ్చి బకెట్‌కు అడ్డం నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. డ్రైవర్‌ను చూడలేదు, శ్రీధర్‌ను చూడలేదు. పంపకాల నాటి తర్వాత మొదటిసారి హాతీరాం కళ్లలోకి చూశాడు.

“నువ్వు చూపిన కాడ లేదన్నా! పోయిన ఎండకాలం పైపు పగిలితే, నీకు తెల్వకుండ నేనే పీకి గీ మొద్దు కింద మళ్ల వేసిన!”