కుళ్లని ముక్క

"ఈ ముక్క నీదేనా?"

కాలనీ తోటలో ఎరువు జల్లిస్తున్న మాస్టారు, జల్లెడలో మిగిలిన నీలం గుడ్డ ముక్కను టైలరమ్మ మొహం ముందు ఆడించారు. "ఏడాదైనా కుళ్లలేదు. ఇది నూలు కాదు. ఇలాంటిది ఎరువు గుంటలో వేస్తే మడి ఖాళీ చెయ్యాలి. అందరం ఒప్పుకున్న మాటే."

టైలరమ్మ పూతకొచ్చిన తన మిరప మొక్కల వంక చూసింది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం?"

"ఆ అమ్మాయినేమీ అనకండి." పక్క మడిలోంచి మాస్టారి భార్య లేచింది. "చెప్పనని నాకు మాటిచ్చింది. అది మన దుప్పటి. చిరిగిందని నిరుడు మీరే కత్తిరించి గుంటలో వేశారు."

"మనింట్లో నూలు తప్ప..."

"నూలులా కనబడేది తెచ్చిపెట్టమని ఆ అమ్మాయిని నేనే అడిగాను. ఆరేళ్లు దాని మీదే పడుకున్నారు. తెలిసిందా?"

"నాతో అబద్ధమాడావా?"

ఆమె వంకర్లు పోయిన వేళ్లకంటిన మట్టి దులుపుకుంది. "వాషింగ్ మిషన్ కరెంటు తింటుందని వద్దన్నారు. తడిసిన నూలు దుప్పటి ఎంత బరువుంటుందో చెప్పండి."

ఏ చెత్త ఎన్నాళ్లకు మట్టవుతుందో నిద్రలో లేపి అడిగినా మాస్టారు చెబుతారు. తడి దుప్పటి మాత్రం ఏనాడూ ఎత్తి చూడలేదు.